నెలనెలా ముచ్చటలు: ప్రెస్టను పట్టణపు రెండు బంతియాట జట్లు



గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మమ్ము పలుదినము లాలోచింపజేసినది. వ్రాసినది యొక తల్లి. ఆమె కూతురు పండ్రెండేండ్లది. పాఠశాలలో ఫుట్‌బాలు జట్టున చేరి, ప్రతిదినము సాయంకాలము మోకాళ్లనిండ దుమ్ముతో నిల్లు చేరుచున్నదట. పిల్ల యానందమునకు మేర లేదు. కాని యింటిపెద్దలు మాత్రము "ఆడపిల్లకు కాలిబంతి యేల? ఒడలు చెడును; రేపు కాపురమునకు పనికిరాకపోవును" అని యడ్డు చెప్పుచున్నారు. తండ్రి నోరు మెదపడు. తల్లి యెటును తేల్చుకొనజాలకున్నది. "స్త్రీ శరీరమున కీ యాట తగునా, తగదా? మీరు విచారించి వ్రాయుడు" అని యామె మమ్ము కోరినది.

మేము వైద్యులము కాము. అయినను ఈ ప్రశ్న క్రొత్తది కాదనుమాట మే మెఱుగుదుము. నూఱేండ్లకు పూర్వము ఇంగ్లండు దేశమున నిదే ప్రశ్న పుట్టినది. పెద్దలు సభ చేసి, తగదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పును త్రిప్పుకొనుటకు వారికి ఏబదేండ్లు పట్టినది. కావున నీ మాసము మేము ఉపదేశము మాని, ఆ వృత్తాంతమునే చెప్పుదుము. అంతయు విన్నపిమ్మట జవాబు మీకే తోచగలదు.

ఇంగ్లండునకు వాయవ్యభాగమున లాంకషైరు అను సీమ కలదు. అది నూలుమిల్లుల సీమ. అందు రిబ్బిల్ నదియొడ్డున ప్రెస్టను అను పట్టణ మున్నది. నూలువడకు యంత్రమును నడపి పేరుపొందిన రిచర్డు ఆర్క్‌రైటు 1732 లో పుట్టిన దీయూరనే. ఇచ్చటి జనులు పగలంతయు మిల్లులలో పనిచేసి, శనివారము మధ్యాహ్నము మాత్రము తీరిక పొందెడివారు. ఆ తీరికవేళ వారికి ముఖ్యవినోదము బంతియాట. ఊరి జట్టునకు ప్రెస్టన్ నార్త్ ఎండ్ అని పేరు. దాని యాటస్థలము డీప్‌డేల్. ఆ స్థలమున 1875 నుండి నేటివరకు ఆ సంఘమువారు నిలిచియున్నారు.

ఆ కాలమున బంతియాటను శాసించు ఫుట్‌బాల్ అసోసియేషను లండనునందలి పెద్దమనుష్యుల సభ. ఆట వినోదముకొఱకే గాని కూలికొఱకు కాదని వారి నియమము. ధనవంతుని కానియమము సుళువు. మిల్లుకూలివానికి మాత్రము పనిమానిన పూట కూలి పోవును. ప్రెస్టను జట్టును నడపిన విలియం సడెల్ అనునాతడు మిల్లు నిర్వాహకుడు. అతడు మంచి యాటగాండ్రను స్కాట్లండునుండి కూడ రప్పించి, పని యిప్పించి, లోలోపల సొమ్ము నిచ్చుచుండెను. 1884 లో లండను జట్టొకటి యీ విషయమై మొఱపెట్టగా, అసోసియేషనువారు ప్రెస్టనును కప్పు పందెమునుండి తొలగించిరి. సడెల్ తప్పు దాచలేదు. మేమే కాదు, అందఱు నిట్లే చేయుచున్నారని సభలో నిబ్బరముగ చెప్పెను. ఉత్తరసీమలోని జట్లన్నియు వేఱుపడుదుమని బెదరించినపిమ్మట, 1885 లో అసోసియేషనువారు తలయొగ్గి, ఆటగాండ్రకు జీతమిచ్చుట న్యాయమే యని యొప్పుకొనిరి. ఇంగ్లండులో బంతియాట వృత్తియైన దప్పటినుండియే.

1888 లో పండ్రెండు జట్లతో లీగు ఏర్పడెను. మొదటి యేడాది ప్రెస్టనువారు ఒక్క యాటయైన నోడక లీగును గెలిచిరి. ఒక్క గోలైన నీయక కప్పును గెలిచిరి. వారికి "అజేయు"లని బిరుదు వచ్చెను. కాని యా వైభవమునకు వెల యెవరు చెల్లించిరో 1895 లో తెలిసినది. సడెల్ తన మిల్లు సొమ్మును జట్టునకై అపహరించెనని న్యాయస్థానమున ఋజువై, మూడేండ్లు చెఱసాలపాలయ్యెను. సోదరీమణు లీ రెండు సంగతులను, అనగా కూలినిగూర్చిన తగవును, లెక్కలనుగూర్చిన తప్పును, కొంచెము మనస్సున నుంచుకొందురుగాక. ముందు కవసర మగును.

ఇక ప్రెస్టను రెండవ జట్టు కథ.

ఆ యూర స్ట్రాండురోడ్డున డిక్, కెర్ కంపెనీ యను పెద్ద కర్మాగార ముండెను. ట్రాములును విద్యుత్పరికరములును అందు తయారగుచుండెడివి. 1914 లో ప్రపంచయుద్ధము వచ్చెను. మగవారు రణరంగమునకు పోయిరి. కర్మాగారములు గుండ్లు, తూటాలు చేయ మొదలిడెను. ఆ పనికి స్త్రీలు వచ్చిరి. అంతవఱకు పెద్దయిండ్ల వంటపనులలోను మిల్లులలోను నున్న పడుచులు యంత్రములయొద్ద నిలిచిరి. పని గడ్డుది, ప్రమాదకరమైనది. మందుగుండు విషమువలన దేహము పసుపువన్నె యగుటయు, ప్రేలుళ్లవలన ప్రాణములు పోవుటయు ఆ దేశమున పలుతావుల జరిగినవి. పనివారి యారోగ్యము నిలుపుటకు ఆటలు మేలని అధికారులే ప్రోత్సహించిరి. ఈ మాట యందఱు మఱచిరి, మనము మఱవరాదు. స్త్రీల యాటకు మొదట వెన్నుతట్టినది పెద్దలే.

భోజనపువేళ కర్మాగారపు ముంగిట పడుచులు బంతి తన్నుచుండెడివారు. మగపిల్లలతో పందెము వేసి యాడుచుండెడివారు. వారిలో గ్రేస్ సిబ్బర్టు అను నామె ముందుండెడిది; ఆమె భర్త శత్రుదేశమున బందీగ నుండెను. కార్యాలయమునందలి ఆల్ఫ్రెడ్ ఫ్రాంక్లండు అను గుమాస్తా కిటికీనుండి యీ యాట చూచి, వీరిని జట్టుగా కూర్చిన బాగుండునని తలచెను. ఆ సమయముననే ఊరిలోని మూర్ పార్కు వైద్యశాలయందు గాయపడిన సైనికులు నిండియుండిరి. వారికై పాటకచ్చేరి చేసి సొమ్ము కూర్పుమని కర్మాగార స్త్రీలను అడిగిరట. పాటకచ్చేరి యేల, బంతియాట యాడుదమని వీరనిరి.

1917 డిసెంబరు 25, క్రిస్మసు పండుగనాడు, డీప్‌డేల్ స్థలముననే, ఆ "అజేయులు" ఆడిన పచ్చికమీదనే, మొదటి యాట జరిగెను. ఎదుటిపక్షము ఆరండల్ కౌల్తర్డు కర్మాగారపు స్త్రీలు. నలుపు తెలుపు చారల చొక్కాయలు, జుట్టు కప్పు చారల టోపీలు, పొట్టిలాగులు. మొదట నవ్వుటకు వచ్చినవారే యెక్కువ. పదివేలమంది చేరిరి. ఆట మొదలైన కొంతసేపటికి నవ్వు లాగిపోయి చప్పట్లు మ్రోగెను. డిక్, కెర్ వారు నాలుగు గోలులతో గెలిచిరి. వైద్యశాలకు రెండువందల పౌనులకు పైగ ముట్టెను.

యుద్ధము 1918 లో ముగిసెను. అయినను జట్టు నిలిచెను. యుద్ధము నిలిచినంత మాత్రమున కాలుసేయి పోయినవారికి క్రొత్త కాలుసేతులు రావుగదా! పింఛను చాలక, పనిలేక యున్న మాజీ సైనికులకై వీరి నాడుమని ఊరూరినుండి పిలుపులు వచ్చుచుండెను. 1920 వసంతమున ఫ్రాన్సునుండి స్త్రీల జట్టొకటి వచ్చి నాలుగూళ్ల నాడెను. దానిని తెచ్చినది ఆలీస్ మిల్యా అను ప్రఖ్యాతనారి. ప్రెస్టనులో జరిగిన యాటను ఇరువదియైదు వేలమంది చూచిరి. ఆ శరత్తున మన ప్రెస్టను పడుచులు సముద్రముదాటి పారిసునందు నాడిరి. అంతకుమునుపు తమ సీమ విడిచి యెఱుగని మిల్లుపిల్లలకు ఆ ప్రయాణ మెట్లుండెనో మనము ఊహించుకొనవచ్చును.

ఆ సంవత్సరము డిసెంబరు 16 న మఱియొక వింత జరిగెను. పనిదినములలో పగ లాట పెట్టినచో చూచువారికి తీరిక లేదు; అది శీతకాలము, నాలుగుగంటలకే చీకటి. కావున రాత్రివేళ నాడ నిశ్చయించిరి. శత్రువిమానములను వెదకు పెద్ద దీపములు రెండింటిని యుద్ధమంత్రియగు విన్‌స్టన్ చర్చిలు అనుమతితో సైన్యమునుండి తెచ్చిరి. చుట్టును నలువది కార్బైడు దివ్వెలు వెలిగించిరి. బంతికి తెల్లరంగు పూసి, మాసినపుడెల్ల మార్చుచుండిరి. పండ్రెండువేలమంది వచ్చిరి. పనిలేని మాజీ సైనికులకు ఆఱువందల పౌనులు సమకూడెను.

పదిదినముల పిమ్మట, అనగా 1920 డిసెంబరు 26 న, లివర్‌పూలు నగరమున గుడిసన్ పార్కునందు జరిగిన యాట యీ కథకంతటికి శిఖరము. అది ఎవర్టను జట్టువారి స్థలము. ఎదుటిపక్షము సెయింట్ హెలెన్సు స్త్రీలు. లోపల 53,000 మంది. స్థలము చాలక బయట నిలిచిపోయినవారు మఱి పదివేలకు మించి. దొరసానులు బట్టలు మార్చుకొను గదికి పోవుటకు పోలీసుల సాయము కావలసివచ్చెను. ఇంతలో జట్టునకు ప్రాణమువంటి ఫ్లోరీ రెడ్‌ఫర్డు రైలు తప్పిపోయినదని తెలిసెను. ముందువరుస చిక్కిపోయెను. పొట్టిగను చుఱుకుగను నుండు జెన్నీ హారిస్ మొదటి సగమున నొక గోలు చేసెను. రెండవ సగమున నాయకురాలు ఆలిస్ కెల్ వెనుకవరుస విడిచి తానే ముందునకు వచ్చి, వరుసగ మూడు గోలులు చేసెను. నాలుగింటికి సున్నగ నాట ముగిసెను. వసూలు 3,115 పౌనులు. ఆ దేశమున స్త్రీల సంఘముల యాటకు అంతమంది చేరుట మఱల జూచుటకు దాదాపు నూఱేండ్లు పట్టెను.

అప్పటికి జట్టున నొక క్రొత్తపిల్ల చేరియుండెను. పేరు లిల్లీ పార్; 1905 లో సెయింట్ హెలెన్సునందు బీదకుటుంబమున పుట్టినది. అన్నదమ్ములతో వీధిలో బంతి తన్ని పెరిగినది. చేరునాటికి పదునైదేండ్లైనను నిండలేదందురు. పొడవరి, నల్లని జుట్టు, ఎడమప్రక్క నాడును, ఆమె తన్నిన బంతిని ఆపుటకు మగవారును వెఱచెడివారట. ఈమె మాట ముందు మఱల వచ్చును.

1921 లో డిక్, కెర్ జట్టు 67 ఆట లాడెను. చూచినవారు సుమారు తొమ్మిదిలక్షలు. పడుచు లందఱును కర్మాగారమున పనిచేయుచు, పని ముగించి రైలెక్కి, ఆడి, అర్ధరాత్రి యిల్లు చేరి, తెల్లవాఱగనే పనికి పోవుచుండిరి. ఒక్కొక్కరికి ఆటకు పది షిల్లింగులు ఖర్చులక్రింద నిచ్చెడివారు, అనగా అరపౌను. ఆ కాలమున మగ యాటగానికి వారమునకు తొమ్మిది పౌనులవఱకు జీత మీయవచ్చునని లీగు నియమము. ఆ యేడు ఇంగ్లండులో స్త్రీల జట్లు నూటయేబదివఱకు లేచినవి.

అంతలో గాలి తిరిగెను. యుద్ధమునుండి మగవారు తిరిగి వచ్చిరి. స్త్రీలు పనులు విడిచి యిండ్లకు పోవలెనని పత్రికలు వ్రాసినవి. 1921 వసంతమున గనికూలీలకును యజమానులకును పెద్ద తగవు వచ్చి, గనులు మూతపడెను. కూలీల పిల్లలు పస్తులుండిరి. గాయపడిన సైనికులకై ఆడిన పడుచులే యిపుడు గనికూలీల బిడ్డల కడుపునకై ఆడిరి. సైనికులకు చందా లిచ్చునపుడు మెచ్చినవారిలో కొందఱికి ఇది రుచింపలేదని చరిత్రకారులు చెప్పుచున్నారు. అదిగాక, మగవారి సంఘముల స్థలములలో స్త్రీల యాటకు వేలకొలది జనము పోవుట ఆ సంఘములకు కంటగింపైనది.

1921 డిసెంబరు 5 న ఫుట్‌బాల్ అసోసియేషను పాలకసభ తీర్మాన మొకటి చేసెను. దాని సారాంశ మిది. స్త్రీలకు బంతియాట యేమాత్రము తగదు, దానిని ప్రోత్సహింపరాదు. వసూలైన సొమ్ములో మితిమీఱిన భాగము ఖర్చులకు పోవుచున్నది, ధర్మకార్యములకు చాలినంత ముట్టుట లేదు. కావున అసోసియేషనునకు లోబడిన సంఘము లేవియు స్త్రీల యాటకు తమ స్థలముల నీయరాదు.

సోదరీమణులారా, మనము మనస్సున నుంచుకొన్న సంగతు లిపుడు తీయుదము. పనిమానిన పూటకు కూలి యడుగుట న్యాయమని అసోసియేషనువారే 1885 లో మగవారికి ఒప్పుకొనియుండిరి. ముప్పదియాఱేండ్ల పిమ్మట స్త్రీలకు పది షిల్లింగులు మితిమీఱిన ఖర్చైనది. నాయకురాలు ఆలిస్ కెల్ ఈ మాటకు నెమ్మదిగనే బదులు చెప్పినది: పనిచేసి బ్రదుకు పిల్లలు పనిమాని దేశమంతయు తిరిగి నష్టపడజాలరు, పోయిన కాలమునకు పరిహార మిచ్చుటలో తప్పేమియో మాకు తెలియదు, అని యామె మాటల తాత్పర్యము. ఇక లెక్కల తప్పనగా, ప్రెస్టనుననే మగజట్టునకై మిల్లు సొమ్ము హరించి సడెల్ చెఱసాలకు పోయినపుడు, మగవా రెవ్వరు నాడరాదని యెవరును తీర్మానింపలేదు! కొన్ని స్త్రీజట్ల లెక్కలు సరిగ లేకపోయియుండవచ్చును. లెక్క సరిగ లేనిచోట లెక్క యడుగుట న్యాయము; ఆటనే మాన్పించుట న్యాయమా?

శరీరమునకు తగదనుమాట మిగిలినది. దానికి వైద్యుల సాక్ష్యము కావలసివచ్చెను. ఆ సాక్ష్య మిచ్చినవారిలో పెక్కుమందికంటె పేరుగలది డాక్టరు మేరీ షార్లీబ్ అను వృద్ధవైద్యురాలు. ఈ యాట స్త్రీ దేహమునకు మించినది, మిక్కిలి తగనిది యని యామె పత్రికలకు చెప్పినది. ఈమె పేరు మన పాఠకురాండ్రలో కొందఱైనను వినియుందురు. మన చెన్నపట్టణమున నామె చేసిన మేలు చిన్నది కాదు.

మేరీ షార్లీబ్ వివాహమైన పిమ్మట, న్యాయవాదియగు భర్తతో 1866 లో చెన్నపట్టణమునకు వచ్చినది. ఘోషాలోనున్న స్త్రీలు మగవైద్యునికి చేయి చూపలేక, మంత్రసానుల తెలివితక్కువవలన ప్రసవములందు ప్రాణములు విడుచుట చూచినది. తానే వైద్యము నేర్చెదనని సంకల్పించినది. స్త్రీకి వైద్యవిద్య తగదు, ఆమె సుకుమారము దానికి చాలదు అని లోకమంతయు ననుచున్న కాలమది. అయినను 1875 లో చెన్నపట్టణపు వైద్యకళాశాలయందు ప్రవేశము పొందిన నలుగురు స్త్రీలలో నామె యొకతె. 1878 లో పరీక్ష నెగ్గినది. లండను విశ్వవిద్యాలయమున 1882 లో పట్టము పొంది, మరుసటి యేడు మరల చెన్నపట్టణము చేరినది. ఘోషాస్త్రీలకై 1885 లో వెలసిన విక్టోరియా వైద్యశాల ఆమె కృషిఫలము. తిరువల్లిక్కేణిలో నేడు కస్తూరిబా గాంధి పేరిట నున్నది యాసంస్థయే. తెలుగుదేశమును చెన్నపురి రాజధానిలో చేరియుండిన ఆ దినములలో ఎందఱు తెలుగుతల్లులు అచ్చట క్షేమముగ బిడ్డల నెత్తుకొని యిండ్లకు చేరిరో!

అట్టి మహనీయురాలు, తనకు తగదన్న విద్యను తగునని నిరూపించిన ధీర, మఱియొక తరము పడుచుల విషయమున "తగదు" అనినది. ఈమెను నిందించుట మా యుద్దేశము కాదు. ఆమె తలుపు తెఱచి మనకు మేలు చేసినది. కాని మన మందఱమును ఒకచో నిట్లే యుందుమేమో యని మాకు తోచుచున్నది. మనము దాటిన గడప మనకు సహజముగ కనబడును. మన బిడ్డలు దాటబోవు గడప మాత్రము మితిమీఱినదిగ కనబడును. అమ్మమ్మ కాలమున బడికి పోవుట తప్పు. అమ్మ కాలమున ఉద్యోగము తప్పు. నేడు బంతి తప్పు.

ఆ దినములలోనే వేఱొక వైద్యురాలు వీరి యాటను స్వయముగ చూచి, దినమంతయు బట్టలుతుకుటకంటె నిందు స్త్రీ కెక్కువ హాని లేదని చెప్పినది. ఆమె మాట మన యిండ్లలో నెవరికైనను వెంటనే యర్థమగును. బిందెడు నీళ్లు చంకనెత్తుటకును, రుబ్బురోలు త్రిప్పుటకును, గుండిగలు దించుటకును స్త్రీ దేహము సుకుమారమని యెవరు నన్న జ్ఞాపకము మాకు లేదు. పరుగెత్తి నవ్వుటకు మాత్ర మది సుకుమారమైనది! కాని అసోసియేషనువారు ఆ సాక్ష్యమును లెక్కగొనలేదు.

నిషేధము చట్టము కాదు, ఆడినవారిని శిక్షింపదు. స్థలము మాత్ర మీయదు. కాని సోదరీమణులారా, స్థల మీయకుండుటయే చాలును. పెద్ద యాటస్థలములు లేనిచో వేలమంది కూర్చుండుటకు చోటు లేదు; చోటు లేనిచో టిక్కెట్టు లేదు; టిక్కెట్టు లేనిచో వైద్యశాలకు పంపుటకు సొమ్ము లేదు. జట్లు కొన్ని కూడి యా డిసెంబరుననే స్త్రీల అసోసియేషను నొకదానిని పెట్టుకొనినవి. కాని యది చిరకాలము నిలువలేదు. ఒక్కొక్క జట్టే చెదరిపోయెను.

డిక్, కెర్ వారు మాత్రము చెదరలేదు. 1922 లో సముద్రముదాటి పోయిరి. కెనడాలో నాడనీయమని అచ్చటి యధికారులు చెప్పిరి. అమెరికా చేరగా, స్త్రీల జట్లు లేవు, మగవారి జట్లతో నాడవలెనని తెలిసెను. వెనుదీయక యాడిరి; కొన్ని గెలిచిరి, కొన్ని యోడిరి. ఇంటికి వచ్చి, ఊరి పార్కులలోను పొలములలోను ఆట సాగించిరి. 1926 లో కర్మాగారమువారికిని ఫ్రాంక్లండునకును పొసగక, కంపెనీ పేరు పోయి, "ప్రెస్టన్ లేడీస్" అను పేరు వచ్చెను. లిల్లీ పారు మొదలగు పలువురు సమీపముననున్న విటింగ్‌హాం మానసికవైద్యశాలలో దాదులుగ పనిచేయుచు బ్రదికిరి. రోగులకు సేవ, తీరికవేళ బంతి. ఇట్లు పార్ 1951 వఱకు ఆడినది. అప్పటి కామెకు నలువదియాఱేండ్లు. ఫ్రాంక్లండు 1957 లో పోయెను. ఆటకు వచ్చు పడుచులు కఱవై 1965 లో జట్టు ముగిసెను. నలువదియెనిమిదేండ్లలో ఎనిమిదివందలకు మించిన యాటలాడి, ఓడినవి ముప్పదికి లోపలనే.

ముగిసిన యాఱేండ్లకు, 1971 లో, నిషేధము తొలగెను. 1921 లో ఇరువదేండ్ల పడుచైనది 1971 లో డెబ్బది యేండ్ల ముసలిది. ఆమెకు స్థలము తెఱచిన నేమి, తెఱవకున్న నేమి? తప్పును దిద్దుకొనుట గొప్పదే. కాని పోయిన కాలమును దిద్దుట యెవరితరము కాదు. ఈ కథలో మమ్ము నొప్పించున దిదియే.

లిల్లీ పార్ 1978 లో కన్నుమూసినది. ఆమెను గూర్చి తెలిసినవా రప్పటికి కొలదిమందియే. 2002 లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ మ్యూజియము ప్రసిద్ధుల వరుసను ఏర్పఱుపగా, అందు చేరిన తొలి స్త్రీ యామెయే. ఆ మ్యూజియ మాకాలమున ప్రెస్టనునందు డీప్‌డేల్ స్థలముననే యుండెను. పిమ్మట మాంచెస్టరునకు మాఱెను. అచ్చట 2019 లో ఆమె విగ్రహమును నిలిపిరి. 2008 లో అసోసియేషనువారు నాటి నిషేధమునకు క్షమాపణ చెప్పుకొనిరి. మొదటి యాట జరిగిన నూఱేండ్లకు, 2017 లో, డీప్‌డేల్ గోడకు ఆ పడుచుల స్మారకచిహ్నమును చేర్చిరి. "అజేయుల" ఇంటనే వీరికిని చోటు దొరకినది.

2022 జూలై 31 న లండను నగరపు వెంబ్లీ స్థలమున యూరపు దేశముల స్త్రీల యంతిమపోటీ జరిగెను. 87,192 మంది చూచుచుండగా ఇంగ్లండు స్త్రీలు జర్మనీని రెండింటి కొకటిగ గెలిచిరి. ఆ సంఖ్య చదివినపుడు మాకు 1920 నాటి గుడిసన్ పార్కు తలపునకు వచ్చినది. జనము చూడ రారని యనువారు, జనము వచ్చినపుడు తలుపు మూసినవారే గదా!

మన దేశముననును ఈ యాట స్త్రీలకు దూరముగ లేదు. తెలంగాణమున నిజామాబాదు సీమకు చెందిన గుగులోతు సౌమ్య భారతదేశపు జట్టునందాడి, 2022 లో యూరపుఖండమున క్రొయేషియాదేశపు జాగ్రెబు నగరజట్టున చేరినది. ఆమె యింటి ముంగిటను, మన యింటి ముంగిటను ఉన్న మన్ను ఒక్కటే.

ఇక మాకు వ్రాసిన తల్లికి మా మనవి. అమ్మా, ఆట తగునా తగదా యని దేహమునకు సంబంధించిన సందేహమున్నచో, ఒకసారి మంచి వైద్యురాలికి బిడ్డను చూపుడు. ఆమె యాడవచ్చునన్నచో సందేహము తీఱినట్లే. ఆడుదినములలో పిల్లకు చాలినంత తిండి పెట్టుడు. పాలు, పప్పు, గ్రుడ్డు, పండ్లు, మీ యింటి కేది పొసగిన నది. పాదములకు సరియైన బూట్లు కొనుడు. పాతవి, బిగుతైనవి యిచ్చి, దెబ్బ తగిలినపుడు ఆటను నిందింపకుడు. నెలసరి దినములలో నెమ్మదిగ నుండవలెనని పిల్లయే యనినచో నుండనిండు, ఆడెదననినచో ఆడనిండు. చదువు చెడకుండ వేళ లేర్పఱుపుడు. ఇంటిపెద్దలతో తగవు పెట్టుకొనకుడు. ఒకనాటి సాయంకాలము వారిని వెంటబెట్టుకొని ఆటస్థలమునకు పోయి, గట్టుమీద కూర్చుండబెట్టుడు. 1917 లో నవ్వుటకు వచ్చిన పదివేలమంది యెట్లు మాఱిరో, మీయింటి పెద్దలును అట్లే మాఱవచ్చును.

ఆ పిల్ల లిల్లీ పార్ కావలసిన పని లేదు. రెండేండ్లాడి మానివేసినను మానివేయవచ్చును. మానుట తన యిష్టముననైనచో చింత లేదు. స్థల మీయనందున మానినదన్న మాట మాత్రము, డెబ్బది యేండ్లు వచ్చినపిమ్మట ఆమె తలచుకొనవలసిన మాట కాకుండుగాక.

ఈ విషయమున మీమీ యిండ్ల యనుభవములను మాకు వ్రాయుడు. వచ్చిన జాబులలో మంచివానిని వచ్చు మాసమున ప్రకటింపగలము.